నవ్వొచ్చిన చోట వేలు పెట్టుకోండి: పాత హాస్య డిటెక్టివ్ నవలలు చదివే పద్ధతి

మా పెదనాన్న పోర్టులో గుమాస్తాగా చేసేవారు. సాయంత్రం విశాఖపట్నం మహారాణిపేటలో ఇంటి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, ఆకుపచ్చ అట్ట పెంగ్విన్ పుస్తకం పట్టుకుని, తనలో తనే కిసుక్కున నవ్వుకునేవారు. ఓసారి తొంగి చూస్తే మొదటి అధ్యాయంలోనే శవం ఉంది. చావు కథ చదివి నవ్వేంటి అని అడిగాను. "ఒరే, నవ్వొచ్చిన కాడ వేలెట్టుకో. ఆడు నిన్ను మోసం చేసేది అక్కడే" అన్నారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు, చాలా శవాలు పట్టాయి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటని విడమర్చి చెప్పడమే.

నేను చెబుతున్న నవలలు సుమారు 1930ల మధ్య నుంచి 1960ల మొదటి వరకు ఇంగ్లండులో, అమెరికాలో వచ్చినవి. హత్య నిజమైనదే, చిక్కుముడి పకడ్బందీదే, కానీ చెప్పే గొంతు మాత్రం వెటకారం. మనలో చాలామంది కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజులతో డిటెక్టివ్ నవలలకి అలవాటుపడ్డవాళ్లం. టెన్షన్‌తో పేజీలు తిప్పేసి, రాత్రికి రాత్రి పూర్తి చేసి, అన్నం కూడా మర్చిపోవడం ఆ చదువు. అదే వేగంతో వీటిని చదివితే మాత్రం రెండు రకాలా నష్టపోతాం. జోకు జారిపోతుంది, దాంతోపాటు క్లూ కూడా జారిపోతుంది.

ముందు పుస్తకం ఎంచుకోవడం

మొదటి పుస్తకంగా క్రెయిగ్ రైస్ రాసిన 'హోమ్ స్వీట్ హోమిసైడ్' తీసుకోండి. 1944లో వచ్చింది. పేరు చూసి మగాడనుకోకండి, ఆవిడ. 1946 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కిన రచయిత్రి. ఈ కథలో తల్లి డిటెక్టివ్ నవలలు రాసుకుంటూ ముగ్గురు పిల్లల్ని సాకుతూ ఉంటుంది. పక్కింట్లో హత్య జరుగుతుంది. అమ్మే హంతకుణ్ణి పట్టుకుంటే ఆవిడ పుస్తకాలు బాగా అమ్ముడుపోతాయని పిల్లల ఆశ. అమ్మకేమో తన నవల పూర్తి చేసుకోవడమే ముఖ్యం. దాంతో పిల్లలే రంగంలోకి దిగుతారు, పోలీసులకి తప్పుడు సాక్ష్యాలు కూడా చెబుతారు. ఇంగ్లీషు తేలిక, ఇల్లు మనింటిలాగే గోలగోలగా ఉంటుంది.

రెండోది ఎడ్మండ్ క్రిస్పిన్ 'ది మూవింగ్ టాయ్‌షాప్', 1946. ఒక కవి అర్ధరాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో దిగుతాడు, తలుపు తీసి ఉన్న బొమ్మల కొట్టులోకి వెళ్తాడు, అక్కడ ఒక ముసలావిడ శవం చూస్తాడు, నెత్తిన దెబ్బ తింటాడు. తెల్లారి పోలీసుల్ని తీసుకొస్తే అక్కడ బొమ్మల కొట్టే లేదు, కిరాణా కొట్టు ఉంది. ఈ మాయని విప్పేది గెర్వాస్ ఫెన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్. క్రిస్పిన్ అసలు పేరు బ్రూస్ మాంట్‌గోమరీ. తన మొదటి నవల ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూనే రాశాడు, తర్వాత సినిమాలకి సంగీతం కూడా చేశాడు. ఇతన్ని రెండోదిగా ఎందుకు పెట్టానంటే సాహిత్య ప్రస్తావనలు ఎక్కువ. మొదటే పట్టుకుంటే భయపడి పక్కన పడేస్తారు.

ఈ రెండూ అయ్యాక చిన్న ఊళ్లలో పెద్దమనుషుల బండారం మీద సరదా ఉంటే కాలిన్ వాట్సన్ 'కాఫిన్ స్కేర్స్‌లీ యూజ్డ్' (1958). రావిశాస్త్రి గారి కోర్టు, సారా కథలు ఇష్టపడేవాళ్లకి ఇది ఇట్టే పడుతుంది. రెండూ ఒక జాతివి కావు, కానీ పరువు గల మనుషుల చొక్కా జేబుల్లో చెయ్యి పెట్టి చూసే గుణం రెంటిలోనూ ఉంది. లియో బ్రూస్ 'కేస్ ఫర్ త్రీ డిటెక్టివ్స్' (1936) మాత్రం చివరికి ఉంచుకోండి. అందులో ముగ్గురు ప్రసిద్ధ డిటెక్టివ్‌లని అనుకరిస్తూ ఆటపట్టిస్తాడు. అసలువాళ్లు తెలియకపోతే అనుకరణకి నవ్వెలా వస్తుంది?

సంపాదించడం, కాపాడుకోవడం

కొత్త ముద్రణలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మూడు జాగ్రత్తలు చెబుతాను, మూడూ నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవే.

మొదటిది, పేర్ల మోసం. ఒకే నవల ఇంగ్లండులో ఒక పేరుతో, అమెరికాలో ఇంకో పేరుతో వచ్చేది. క్రిస్పిన్ 'స్వాన్ సాంగ్', 'డెడ్ అండ్ డంబ్' రెండూ ఒకటే పుస్తకం. నేను రెండూ కొన్నాను. రెండోది పది పేజీలు చదివాక "ఇదెక్కడో విన్నట్టుందే" అనుకుంటూ ఇంకో పది పేజీలు చదివాను కూడా. కొనేముందు లోపలి పేజీలో మొదటి ప్రచురణ పేరు చూడండి.

రెండోది, ముందుమాట. కొత్త ముద్రణల్లో పండితులు రాసే ముందుమాటలు కథ సగం చెప్పేస్తాయి. దాన్ని వెనకమాటగా చదువుకోండి.

మూడోది, పాత పుస్తకాల గుట్టల్లో కొనేటప్పుడు చివరి అధ్యాయం ఉందో లేదో చూసి డబ్బులివ్వండి. చివరి అధ్యాయం చదవకూడదు, ఉందో లేదో మాత్రమే చూడాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. ఓ ఆదివారం ఫుట్‌పాత్ మీద నేను కొన్న ఒక ఆకుపచ్చ అట్ట పుస్తకంలో చివరి పేజీ భద్రంగా ఉంది. ఇంటికొచ్చి మొదలుపెడితే మూడో అధ్యాయంలో ఒక పాత్ర పేరు పక్కన ఎవరో పెన్సిలుతో "వీడే" అని రాసి పెట్టారు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

ఉచిత పీడీఎఫ్ వెతికేవాళ్లకి ఒక మాట. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. క్రెయిగ్ రైస్ 1957లో పోయింది కాబట్టి ఇక్కడ ఆ గడువు తీరిపోయింది. క్రిస్పిన్ పోయింది 1978లో, ఇంకా తీరలేదు. నేరాలు పట్టుకునే నవలని దొంగతనంగా చదవడం బాగుండదు. కొనలేకపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూడండి. యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ల గ్రంథాలయం సంగతి వాళ్లని కనుక్కోమనండి.

ఇక మన ఊరి గాలి. సముద్రపు తేమకి పాత కాగితం మెత్తబడి, గోధుమరంగు మచ్చలు వస్తాయి, బూజు పడుతుంది. పుస్తకాలు గోడకి ఆనించకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచండి, బీరువాలో కలరా ఉండలు వేయండి. ఎండలో పెట్టొద్దు, నీడలో గాలికి పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి ఒక అర మొత్తం తడిసింది. పుస్తకాల్ని నిలబెట్టి, ఇరవై పేజీలకొకటి చొప్పున తెల్ల కాగితం పెట్టి, ఆ కాగితాలు మారుస్తూ ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. మాకేమో కరెంటు లేదు. విసనకర్రతో విసిరిన మనిషిని నేను. సగం బతికాయి.

పేర్ల పట్టీ

మొదటి మూడు అధ్యాయాలకి ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. ఒకే మనిషిని పెళ్లాం ముద్దుపేరుతో, పోలీసు ఇంటిపేరుతో, పనిమనిషి హోదాతో, రచయిత ఎగతాళి పేరుతో పిలుస్తారు. మనకిది కొత్త కాదు. మా ఇంట్లో ఒకే మనిషి ఒకరికి చిన్నాన్న, ఒకరికి బావగారు, వీధికి మేష్టారు, మా నాయనమ్మకి "ఆ గుంటడు". కాబట్టి పట్టీ రాసుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. పేరు, మారుపేర్లు, ఎవరికి ఏమవుతారు, అంతే. ఎవరి మీద అనుమానమో ఇప్పుడే రాయొద్దు. రాస్తే మనసు అక్కడే అతుక్కుపోతుంది.

అసలు విద్య: నవ్వు తీసేసి చూడటం

ఇంద్రజాలికుడు కుడిచేత్తో పావురాన్ని ఎగరేస్తున్నప్పుడు ఎడమచెయ్యి జేబులో ఉంటుంది. హాస్య డిటెక్టివ్ నవలలో పావురం అంటే జోకు.

దీని వెనక ఒక ఒప్పందం ఉంది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ ఫాదరీ డిటెక్టివ్ కథకి పది నియమాలు రాశాడు. 1930లో లండన్‌లో డిటెక్షన్ క్లబ్ అని రచయితల సంఘం ఏర్పడింది, సభ్యులు సరదాగా ప్రమాణం కూడా చేసేవారు. అన్నిటి సారం ఒకటే: డిటెక్టివ్‌కి దొరికిన క్లూ పాఠకుడికీ చూపించాలి. ఇక్కడే రచయితకి చిక్కు. చూపించాలి, కానీ కనిపించకూడదు. సీరియస్ రచయిత క్లూని పది వస్తువుల జాబితాలో ఏడోదిగా పెట్టి దాస్తాడు. హాస్య రచయితకి ఇంకా మంచి చోటు ఉంది. మనం నవ్వగానే ఆ వాక్యంతో పని అయిపోయిందనుకుని ముందుకు వెళ్లిపోతాం. పని అవ్వలేదు.

అచ్చయిన నవలల్లోంచి ఉదాహరణ ఇస్తే మీ పుస్తకం పాడవుతుంది. అందుకని నేనే ఒకటి అల్లుతాను. వాల్తేరులో ఒక కథ అనుకోండి. రెండో అధ్యాయంలో ఇలా ఉంది:

"మా మేనత్త ఒక చెంచా కాఫీపొడితో మూడు డికాషన్లు తీస్తుంది. మొదటిది రేపటికి దాస్తుంది, రెండోది తను తాగుతుంది, మూడోది చుట్టాలకి పోస్తుంది. రేపు వచ్చాక మొదటిది ఎల్లుండికి దాస్తుంది. చుట్టాల గ్లాసులో కాఫీ నిండా ఉన్నా అడుగున చెక్కించిన తాతగారి పేరు చదువుకోవచ్చు."

నవ్వుకున్నాం. పిసినారి మేనత్త, తెలిసిన సరుకే. ఏడో అధ్యాయంలో బెజవాడ నుంచి వచ్చిన దూరపు చుట్టం ఇన్‌స్పెక్టర్‌తో అంటాడు: "అత్తయ్యగారు ఎంత ఆప్యాయత మనిషండీ. ఆ సాయంత్రం తన చేత్తో చిక్కటి కాఫీ కలిపి ఇచ్చారు. అలాంటి కాఫీ జన్మలో తాగలేదు." ఇక్కడ మనకి కళ్లనీళ్లు కూడా వస్తాయి, ఎందుకంటే అప్పటికి అత్తయ్య చచ్చిపోయింది.

ఇప్పుడు నోటుబుక్కులో పేజీని రెండుగా మడవండి. ఎడమవైపు నవ్వొచ్చిన చోటు, పేజీ నంబరు రాయండి. కుడివైపు ఆ జోకులోంచి నవ్వు తీసేసి, మిగిలిన సంగతిని పోలీసు పంచనామా భాషలో రాయండి. "మేనత్త తన చేత్తో ఎవరికీ చిక్కటి కాఫీ ఇవ్వదు." ఆ వాక్యం కళ్లముందు ఉండగా ఏడో అధ్యాయం చదివితే కళ్లనీళ్లు రావు. చుట్టం అబద్ధం చెబుతున్నాడు, లేదా ఆ కాఫీ కలిపింది అత్తయ్య కాదు. రెండింట్లో ఏదైనా కథ మారిపోతుంది.

అన్ని జోకులకీ ఇలా చేస్తే బుర్ర పాడవుతుంది. కొంత అనుభవం మీద నాకు తెలిసింది చెబుతాను. వెంటపడటాలు, కాలుజారి పడటాలు, కారు మొరాయించడాలు చాలావరకు ఉత్త సరదా, నవ్వేసి వదిలేయండి. మనిషి అలవాటు మీద జోకు అనుమానించదగ్గది: మతిమరుపు, చెవుడు, పిసినారితనం, ప్రతిదానికీ ముందే వచ్చేసే మనిషి. అదే జోకు రెండోసారి వచ్చి, ఈసారి కొంచెం తేడాగా ఉంటే ఆగిపోండి. టైము మీద, వస్తువు ఉన్న చోటు మీద జోకు వేస్తే కూడా అంతే. ఇక ఎవరూ నవ్వని జోకు, అంటే పాత్రలన్నీ విసుక్కునే వెర్రిమాట ఉంటుంది చూడండి, ఊళ్లో పిచ్చాడో, వాగుడుకాయ ముసలావిడో అనేది. నేను అన్నిటికంటే ఎక్కువసార్లు అక్కడే మోసపోయాను. ఆవిడ నిజం చెబుతుంది, ఎవరూ వినరు, మనమూ వినం.

ఇంకో చిట్కా, సంభాషణలు పైకి చదవండి. కళ్లతో చదివితే పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. పైకి చదివితే ఎవరి మాట హఠాత్తుగా మారిందో చెవికి తెలుస్తుంది. మా ఆవిడ దీనికి అభ్యంతరం చెప్పింది కాబట్టి నేను మేడ మీద చదువుతాను.

ఆ కాలం సంగతులు

కాలం తెలియకపోతే కొన్ని క్లూలు గోడకి కొట్టినట్టు కనిపించినా తెలియవు. అన్నీ చెప్పలేను, తప్పనిసరివి ఇవి.

డబ్బు: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. 1971 వరకు అదే లెక్క. మన రూపాయికి 16 అణాల లెక్క 1957 ఏప్రిల్ దాకా నడిచింది, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకి ఇది చప్పున ఎక్కుతుంది. గిన్నీ అంటే 21 షిల్లింగులు. డాక్టర్లు, లాయర్లు ఫీజు గిన్నీల్లో చెబుతారు, కొట్టువాడు చెప్పడు. ఎవరు దేంట్లో లెక్క చెప్పారన్నదే వాళ్ల హోదా.

రేషను: ఇంగ్లండులో తిండి మీద రేషను 1940 నుంచి 1954 దాకా ఉంది. యుద్ధం అయిపోయిన తర్వాత కూడా తొమ్మిదేళ్లు. కాబట్టి 1947 నాటి కథలో ఒకడి బల్ల మీద వెన్న, మాంసం దండిగా ఉంటే అది వంటింటి వర్ణన కాదు, నల్లబజారు సాక్ష్యం.

బ్లాకవుట్: క్రిస్పిన్ మొదటి నవల 1940 అక్టోబరులో జరుగుతుంది. యుద్ధంలో విమానదాడుల భయంతో కిటికీలకి నల్లపరదాలు, వీధిదీపాలు లేవు, ఎవరు ఎవరిని చూశారో చెప్పలేని చీకటి. విశాఖ పాఠకులకి ఇది పరాయి సంగతి కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి. పెదనాన్న అప్పటికి చిన్నపిల్లాడు. మూటాముల్లె సర్దుకుని పల్లెకి పోయిన రాత్రి సంగతి చెప్పేవారు. ఆ చీకటి సీన్లు వచ్చినప్పుడు ఆయన నవ్వేవారు కాదు, అగ్గిపుల్ల గీస్తే ఎంత దూరం కనిపిస్తుందో నాకు చెప్పేవారు. ఇలాంటి నవలలో అది పనికొచ్చే సమాచారం.

ఫోను: ఇంటికొకటి, అదీ హాల్లో. దూరాలకైతే ట్రంక్ కాల్, మధ్యలో ఆపరేటర్. ఆవిడ వింటుంది. ఆవిణ్ణి మర్చిపోకండి.

ఉరి: ఇంగ్లండులో హత్యకి ఉరిశిక్ష 1965 దాకా ఉంది. డిటెక్టివ్ ఎంత కోతివేషాలు వేసినా చివర్లో ఒక్కసారిగా గొంతు తగ్గించి మాట్లాడటానికి కారణం అదే. తను పట్టిచ్చిన మనిషి మెడకి తాడు పడుతుంది.

అర్థం కాని జోకులు

'మూవింగ్ టాయ్‌షాప్'లో ఒకచోట కారులో వెంటపడుతూ ఎటు తిరగాలో తెలియక, ఈ పుస్తకం గొలాంజ్ వేస్తున్నాడు కదా, ఎడమకే పోదాం అనుకుంటారు. నాకు బుర్రకెక్కలేదు. విక్టర్ గొలాంజ్ ఆ పుస్తకం ప్రచురణకర్త. 1936లో వామపక్ష పాఠకుల కోసం లెఫ్ట్ బుక్ క్లబ్ పెట్టింది ఆయనే. పాత్రలు తమ ప్రచురణకర్త మీదే జోకు వేస్తున్నాయి. పెదనాన్నకి వెంటనే అర్థమై ఉంటుంది, యూనియన్ మనిషి.

ఇలాంటివి తగిలినప్పుడు చదువు ఆపి వెతకడం మొదలెట్టొద్దు. పేజీ నంబరు రాసుకుని ముందుకు పోండి, రోజు చివర్లో అన్నీ కలిపి చూసుకోండి. యాసమాటలకీ ఇదే. 'ఉడెన్ ఓవర్‌కోట్' అంటే కట్టెకోటు కాదు, శవపేటిక. ఆ పేరుతో పమేలా బ్రాంచ్ 1951లో రాసిన నవలలో, హత్యకేసుల్లో నిర్దోషులుగా బయటపడ్డ హంతకులకి ఒక క్లబ్బు ఉంటుంది. పొరుగింటివాళ్ల అవస్థ ఊహించుకోండి.

చేదు తగిలే చోట

కొన్ని జోకులకి నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. పనివాళ్ల మీద, ఆడవాళ్ల మీద, యూదుల మీద, మన మీద. ఇండియాలో ఇరవై ఏళ్లు వెలగబెట్టి వచ్చిన కల్నల్ దొర ఈ నవలల్లో తరచూ తగులుతాడు. మనకి అతను కొత్తేమీ కాదు, మన వాల్తేరులో మేడలు కట్టుకున్నవాళ్ల బంధువే. నేను అక్కడ పెన్సిలుతో గీత గీస్తాను. మింగేయను, పుస్తకం విసిరెయ్యను. ఒక్కోసారి రచయిత ఎగతాళి కల్నల్ మీదే అని తర్వాత తెలుస్తుంది. తెలియకపోతే, చదవడం మానేసే హక్కు మీకెప్పుడూ ఉంది.

చివరి అధ్యాయం ముందు

డిటెక్టివ్ "ఇప్పుడు తెలిసింది, నేనెంత మూర్ఖుణ్ణి" అని నెత్తి కొట్టుకునే వాక్యం ఒకటి వస్తుంది. అక్కడ పుస్తకం మూసేయండి. ఒక రాత్రి ఆగండి. నోటుబుక్కులో కుడివైపు వరస మాత్రమే, నవ్వులు లేకుండా, మొదట్నుంచి చదవండి. ఒక పేరు రాయండి, ఒక కారణం రాయండి. కారణం లేని పేరు చెల్లదు.

హౌరా నుంచి మద్రాసు వెళ్లే బండిలో కూర్చున్నవాళ్లకి మన స్టేషన్ సంగతి తెలుసు. ఇక్కడికి రాగానే ఇంజను ఇటునుంచి తీసి అటు తగిలిస్తారు. అవే బోగీలు, అవే మనుషులు, అదే టిఫిన్ క్యారియరు. కానీ ఇప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాడు వెనక్కి ప్రయాణం చేస్తుంటాడు. మంచి డిటెక్టివ్ నవల చివరి అధ్యాయం అలా ఉండాలి. కొత్త బోగీ తగిలించకూడదు. కవల సోదరుడు ఊడిపడటం, ఎవరికీ తెలియని విషం రావడం అంటే రచయిత ఒప్పందం తప్పినట్టే, అప్పుడు మీరు ఓడిపోయినట్టు కాదు.

రెండోసారి చదవడానికి వారం చాలు. మొత్తం అక్కర్లేదు, ఎడమవైపు రాసుకున్న పేజీలు తిప్పితే చాలు. అప్పుడు వచ్చే నవ్వు వేరు, మోసపోయినవాడు మోసగాణ్ణి మెచ్చుకుంటూ నవ్వే నవ్వు.

ఇద్దరు కలిసి చదివితే ఇంకా బాగుంటుంది. మా కొలీగ్, నేను ఒకే పుస్తకం చదివి, చివరి అధ్యాయం ముందు చీటీలు రాసుకుని, బీచ్‌లో కూర్చుని విప్పుతాం. ఓడినవాడు మురీ మిక్చర్ కొనాలి. ఇద్దరం ఓడితే ఎవరిది వాళ్లదే. 'మూవింగ్ టాయ్‌షాప్'లోనే ఇంకో ఆట ఉంది: ఫెన్, కవి ఒక అల్మారాలో బందీలుగా ఉండి, చదవలేని పుస్తకాల పేర్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటారు. తెలుగు పుస్తకాలతో మేమూ ఆడాం. పేర్లు ఇక్కడ చెప్పను, ఊళ్లో తిరగాల్సినవాణ్ణి.

అన్నట్టు, "వీడే" అని పెన్సిలుతో రాసిన ఆ పుస్తకం. ఏడుస్తూనే పూర్తి చేశాను. వాడు కాదు. మూడో అధ్యాయంలో ఆ పాత్ర మీద ఒక మంచి జోకు ఉంది, పెన్సిలు పట్టుకున్నాయన అక్కడే పడిపోయాడు. పోయిన నెల ఆ పుస్తకం మా కొలీగ్‌కి ఇచ్చాను. రబ్బరు ఇంట్లోనే ఉంది, తుడవలేదు.